పోస్టు నిండింది, మనిషి లేడు: విజయవాడ, గుంటూరు పరిసరాల్లో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది పంపిణీపై చర్చ

కొండవీటి గణకుడు (గుంటూరు)

మిత్రులకు నమస్కారం. వైద్య ఆరోగ్య శాఖ గణాంకాల విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందాను. సిబ్బంది కొరత గురించి పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా చర్చ అంతా మూడు అంకెల చుట్టూ తిరుగుతుంది: మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి, ఖాళీగా ఉన్నవి. ఆ మూడూ నిజమే కావచ్చు. అయినా పల్నాడులోని బొల్లాపల్లి మండలంలో ఒక గర్భిణికి ఈ రోజు రక్తపోటు చూసే మనిషి ఉన్నారా అన్న ప్రశ్నకు వాటిలో సమాధానం దొరకదు. ఎందుకంటే జీతం బిల్లు ఒక కేంద్రంలో తయారవుతూ, మనిషి మరొక చోట పనిచేసే పద్ధతి మన శాఖలో ఎప్పటినుంచో ఉంది. దానిని డెప్యుటేషన్ అంటారు, వర్క్ అడ్జస్ట్‌మెంట్ అంటారు. అలా వెళ్ళిన ఉద్యోగి పోస్టు కాగితం మీద నిండే ఉంటుంది కనుక అక్కడికి మరొకరిని వేయడానికి వీలుండదు. ఖాళీ ఉన్నట్టు చూపితే కనీసం భర్తీ జాబితాలోకి ఎక్కుతుంది. నిండిన పోస్టు ఏ జాబితాలోకీ ఎక్కదు.

రెండో విషయం ప్రమాణాలది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ మూడు నుంచి మూడున్నర వేల జనాభాకు ఒక స్త్రీ, ఒక పురుష ఆరోగ్య కార్యకర్త ఉండాలని చెప్పింది. ఇప్పుడు అమలులో ఉన్న ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. కొండ, గిరిజన ప్రాంతాల్లో ఈ అంకెలు 3,000, 20,000, 80,000గా తగ్గుతాయి. ఇవన్నీ తలల లెక్కలు. ఆ తలలు కూడా 2011 జనగణన నాటివి. ఆ తరువాత రాష్ట్రం విడిపోయింది, అమరావతి వచ్చింది, తాడేపల్లి, మంగళగిరి, పోరంకి, గొల్లపూడి వైపు జనం విపరీతంగా పెరిగారు, పల్నాటి తండాల నుంచి వలస పెరిగింది. వీటిలో ఏదీ మన పోస్టుల లెక్కలోకి రాలేదు.

నా ప్రతిపాదన ఒక్కటే. మంజూరైన పోస్టులను కాకుండా, ప్రతి నెలా ఒక నిర్ణీత తేదీన ప్రతి కేంద్రంలో వాస్తవంగా పనిచేస్తున్న మనుషులను లెక్కించి, ఆ పట్టికను ప్రజల ముందు పెట్టాలి. ఆ తరువాతే ఎవరిని ఎక్కడికి పంపాలన్న మాట. మీ అనుభవాలు, అభ్యంతరాలు తెలియజేయగలరు.

మూడో షిఫ్టు (విజయవాడ)

గణకుడు గారికి నమస్కారం. నేను ఒక బోధనాసుపత్రిలో స్టాఫ్ నర్సును. మీరు చెప్పిన డెప్యుటేషన్ల మాట నిజమే. అయితే నగరంలో సిబ్బంది పేరుకుపోయారు కనుక వారిని పల్లెకు పంపితే సరిపోతుందన్న ఆలోచన దీనినుంచి పుడుతుందేమోనన్న భయంతో రాస్తున్నాను.

బోధనాసుపత్రుల్లో మూడు పడకలకు ఒక నర్సు ఉండాలని, అంటే ఒక్కో షిఫ్టులో తొమ్మిది పడకలకు ఒకరు చొప్పున చూడాలని, దానిపై సెలవుల కోసం 30 శాతం అదనంగా ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం చెబుతోంది. ఆ లెక్కన 30 పడకల వార్డుకు 13 మంది కావాలి. నేను పనిచేసిన ఏ వార్డులోనూ ఆ సంఖ్య చూడలేదు. పైగా ప్రమాణం పడకను లెక్కిస్తుందే గానీ, పడకల మధ్య నేల మీద పరచిన పరుపులను లెక్కించదు. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల నుంచి, కొన్నిసార్లు సరిహద్దు దాటి తెలంగాణ నుంచి కూడా రోగులు ఈ రెండు నగరాల పెద్దాసుపత్రులకే వస్తారు. మాచర్లలో చేయగలిగిన కాన్పు మాచర్లలో జరగకపోతే ఆ తల్లి గుంటూరుకే వస్తుంది. ఆమె వెంట ఆమెను చూసుకోవలసిన నర్సు రాదు.

ఇంకొక లెక్క కూడా అందరూ చూడాలని నా కోరిక. 24 గంటలూ పనిచేసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ముగ్గురు స్టాఫ్ నర్సులను ఇస్తారు; మూడు షిఫ్టులకు ముగ్గురు, సరిపోయింది కదా అనిపిస్తుంది. సంవత్సరానికి షిఫ్టులు 1,095. ఒక నర్సుకు 52 వారపు సెలవులు, 15 క్యాజువల్ సెలవులు, 30 ఆర్జిత సెలవులు తీసివేస్తే మిగిలేవి 268 పనిదినాలు. 1,095ను 268తో భాగిస్తే నాలుగు దాటుతుంది. పండుగ సెలవులు, శిక్షణలు, ప్రసూతి సెలవు ఇందులో కలపనే లేదు. అంటే ముగ్గురినీ వేసి, ఖాళీలు లేవని ప్రకటించిన రోజున కూడా ఆ కేంద్రంలో ఏదో ఒక రాత్రి నర్సు ఉండదు. లేదా ఉన్నవారిలో ఒకరు తన సెలవును వదులుకొని ఉంటారు. మనలో చాలామంది రెండోదే చేస్తూ వచ్చాం.

పల్నాటి వైద్యుడు

మూడో షిఫ్టు గారు చెప్పిన లెక్కను ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదని అనుకుంటున్నాను. మా కేంద్రంలో రాత్రి డ్యూటీ ఎందుకు ఎప్పుడూ తెగిపోతుందో నాకు ఇన్నాళ్ళూ పట్టికలో కనబడలేదు.

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిని. 2023 ఏప్రిల్ 6న మా జిల్లాలోని లింగంగుంట్లలోనే ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని ప్రారంభించారు. కేంద్రానికి ఇద్దరు వైద్యులు, ఒకరు కేంద్రంలో ఓపీ చూస్తూ ఉంటే మరొకరు 104 వాహనంతో నెలకు రెండుసార్లు ప్రతి గ్రామ ఆరోగ్య క్లినిక్‌కూ వెళ్ళాలి. ఆలోచన చాలా మంచిది. మంచం దిగలేని వృద్ధుల ఇంటికి వైద్యుడు వెళ్ళడం నేను కళ్ళారా చూశాను, నేనే వెళ్ళాను. అయితే ఈ ఏర్పాటు మొత్తం ఇద్దరు వైద్యులూ ప్రతిరోజూ ఉంటారన్న భరోసా మీద నిలబడింది. ఒకరు పీజీ సీటు వచ్చి వెళ్ళిపోతారు. మిగిలినవారికి పక్క కేంద్రపు పూర్తి అదనపు బాధ్యతలు కూడా వస్తాయి. దానికి తోడు కోర్టు సాక్ష్యాలు, సమీక్షా సమావేశాలు, ముఖ్యుల పర్యటనల్లో అంబులెన్సు వెంట డ్యూటీలు. రాజధాని ప్రాంతం దగ్గరలో ఉండడం వల్ల ఈ పరిసర జిల్లాల వైద్యులకు ఈ చివరిది మరీ ఎక్కువ. అలాంటి రోజున ఓపీ కిటికీ దగ్గర నిలబడ్డ మనిషికి ఫార్మసిస్టే వైద్యుడు.

పీజీ గురించి ఒక మాట. ఎంబీబీఎస్ చదివినవారు పల్లెకు రావడానికి మన దగ్గర పనిచేసిన అతి బలమైన ఆకర్షణ ఇన్‌సర్వీస్ కోటా. కొన్నేళ్ళు గ్రామీణ సేవ చేస్తే పీజీ సీటులో ప్రత్యేక వాటా దొరుకుతుందన్న ఆశతో వందలాది మంది వచ్చారు. ఇన్‌సర్వీస్ వైద్యులకు ప్రత్యేక వాటా కల్పించే అధికారం రాష్ట్రాలకు ఉందని 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టంగా చెప్పింది కూడా. ఆ కోటాను కుదించాలన్న ఆలోచన వచ్చిన ప్రతిసారీ వైద్యులు విజయవాడ ధర్నా చౌక్‌కు చేరడం మీరు చూసే ఉంటారు. దానిని జీతాల గొడవగా చూడవద్దని మనవి. పల్లెకు తెరిచి ఉన్న తలుపుల్లో అది ముఖ్యమైనది.

కృష్ణలంక నివాసి

నేను వైద్య రంగంలో లేను, చిన్న వ్యాపారం చేసుకునేవాడిని. ఒక సందేహం. ప్రభుత్వ కళాశాలలో ప్రజల డబ్బుతో చదివిన ప్రతి వైద్యుడినీ, నర్సునూ రెండు మూడేళ్ళు పల్లెలో పనిచేయాలని నిర్బంధిస్తే ఈ సమస్య ఉండదు కదా? మా అమ్మ పుట్టిల్లు తిరువూరు వైపు. అక్కడివారు చిన్న జ్వరానికి కూడా బస్సెక్కి విజయవాడ రావడం నాకు బాధగా ఉంటుంది.

సామాజిక వైద్యం (గుంటూరు)

కృష్ణలంక నివాసి గారి ప్రశ్న న్యాయమైనది. వైద్య కళాశాలలో ఈ విషయాన్ని బోధించేదాన్ని కనుక కాస్త విపులంగా చెబుతాను.

నిర్బంధ సేవ అనేక దేశాల్లో ఉంది. థాయ్‌లాండ్ 1972 నుంచి వైద్య పట్టభద్రులకు మూడేళ్ళ ప్రభుత్వ సేవను నిబంధనగా పెట్టింది. కానీ అక్కడివారు నిబంధనతో ఆగలేదు. పల్లెల్లో జిల్లా ఆసుపత్రులు కట్టారు, మారుమూల భత్యం ఇచ్చారు, 1994 నుంచి గ్రామీణ ప్రాంతాల విద్యార్థులను ప్రత్యేకంగా చేర్చుకొని వారి ప్రాంతంలోనే శిక్షణ ఇచ్చే పథకాన్ని నడిపారు. నిర్బంధం ఒక్కటే ఉంటే మనుషులు గడువు లెక్కపెట్టుకుంటారు. గడువు ముగిసిన మరుసటి రోజు ఆ ఊరికి మళ్ళీ కొత్త ముఖం. చక్కెర వ్యాధి, రక్తపోటు, క్షయ వంటి జబ్బులకు ఏళ్ళ తరబడి అదే మనిషి చూడడంలో ఉన్న బలం అలా వచ్చేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చి 2021లో సవరించిన మార్గదర్శకాలు కూడా పల్లె నుంచి వచ్చిన విద్యార్థులే పల్లెలో నిలిచే అవకాశం ఎక్కువని, శిక్షణ, భత్యం, నివాసం, వృత్తిలో ఎదుగుదల అన్నీ కలిపి ఇస్తేనే ఫలితం ఉంటుందని చెబుతున్నాయి. మన పీజీ విద్యార్థులు కూడా ఇప్పుడు జిల్లా రెసిడెన్సీ పేరుతో మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేస్తున్నారు. ఆ మూడు నెలలు ఆసుపత్రికి ఊరట. కానీ దానిని చూపి శాశ్వత పోస్టును మరిచిపోవడం జరగకూడదు.

ఇక గణకుడు గారి ప్రతిపాదనకు వస్తాను. తలల లెక్క చాలదన్న మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే మనుషుల లెక్క కూడా చాలదు, పని లెక్క కావాలి. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఒక పద్ధతి ఉంది, పనిభారాన్ని బట్టి సిబ్బంది అవసరాన్ని తేల్చడం. మూడో షిఫ్టు గారు 268 రోజులు తేల్చిన తీరులోనే మొదట ఒక ఉద్యోగికి సంవత్సరంలో నిజంగా పనికి దొరికే సమయాన్ని లెక్కిస్తారు. తరువాత ఒక కాన్పుకు, ఒక టీకాకు, ఒక ఓపీ పరీక్షకు, ఒక గృహ సందర్శనకు సక్రమంగా చేస్తే ఎంత సమయం పడుతుందో ఆ పని చేసేవారితోనే మాట్లాడి నిర్ణయిస్తారు. నివేదికలు, సమావేశాలు, యాప్‌లలో నమోదు వంటి వాటికి వేరుగా సమయం కలుపుతారు. ఆ ఏడాది ఆ కేంద్రంలో జరిగిన పనితో గుణిస్తే ఎంతమంది కావాలో వస్తుంది. ఉన్నవారిని కావలసినవారితో భాగించగా వచ్చిన నిష్పత్తి ఒకటి కంటే తక్కువైతే ఒత్తిడి, ఎక్కువైతే వెసులుబాటు. ఇద్దరు నర్సుల కొరత ఉన్న రెండు కేంద్రాలలో ఒకదాని నిష్పత్తి సగం, మరొకదానిది ముప్పావు కావచ్చు. ముందు ఎవరికి ఇవ్వాలో అప్పుడు వివాదం ఉండదు.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది, దానిని దాచకూడదు. వైద్యుడు లేని కేంద్రానికి రోగులు రావడం మానేస్తారు. పని తక్కువగా నమోదవుతుంది. అక్కడ సిబ్బంది అవసరం లేదని లెక్క తేలుతుంది. కనుక మారుమూల కేంద్రాలకు పనిభారంతో సంబంధం లేని కనీస సంఖ్యను ముందే నిర్ణయించి, దానిపై మాత్రమే పని లెక్క వేయాలి.

దివిసీమ ఆడపడుచు

సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. నేను కృష్ణా జిల్లాలో ఏఎన్ఎమ్‌ని, అంటే ఉపకేంద్రంలో పనిచేసే స్త్రీ ఆరోగ్య కార్యకర్తను. కనీస సంఖ్య అని మేడమ్ చెప్పిన మాట చదివి నా మనసులో ఉన్నది రాయాలనిపించింది. నాగాయలంక మండలంలోని ఎదురుమొండి వంటి దీవుల్లో జనాభా లెక్క చూస్తే ఒక కార్యకర్త చాలు. కానీ అక్కడికి పంటు మీద దాటాలి. తుపాను హెచ్చరిక వస్తే పంటు ఆగుతుంది. అవతలి గట్టున ఒక్క మనిషే ఉండి, ఆమెకు జ్వరం వస్తే ఆ దీవికి ఎవరూ లేనట్టే. మైదానం కనుక 5,000 మందికి ఒక ఉపకేంద్రం అని రాసినవారు ఆ నీటిని లెక్కలోకి తీసుకోలేదు.

సమయం సంగతి కూడా చెప్పాలి. సచివాలయాలు వచ్చాక ఏఎన్ఎమ్‌ల సంఖ్య పెరిగింది, అది మంచిదే. కానీ గర్భిణుల నమోదు ఒక పోర్టల్‌లో, టీకాలు ఒకదానిలో, అసంక్రమిత వ్యాధుల సర్వే మరొక యాప్‌లో, మా హాజరు ముఖ గుర్తింపుతో ఇంకొక యాప్‌లో నమోదు చేయాలి. సిగ్నల్ లేని చోట ఒకే వివరం రెండుసార్లు ఎక్కించాలి. సామాజిక వైద్యం మేడమ్ చెప్పిన లెక్కలో ఈ గంటలు తప్పకుండా కలపాలని చేతులు జోడించి కోరుతున్నాను.

ఇంకొకటి. మిరప కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు, పల్నాడు జిల్లాలకు వస్తాయి. మా అక్క అటు పనిచేస్తుంది. చేల గట్ల మీద గుడిసెల్లో ఉండే ఆ పసిపిల్లల టీకా కార్డు సొంత ఊరిలో ఉంటుంది, బిడ్డ ఇక్కడ ఉంటుంది. వారు ఆ ఊరి జనాభాలో లేరు, ఈ ఊరి జనాభాలోనూ లేరు. కోతల నెలల్లో ఆమె పని రెట్టింపు అవుతుంది, పోస్టు మాత్రం ఒకటే. ఇప్పుడు అమరావతి పనులకు వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీల శిబిరాలదీ అదే పరిస్థితి.

వేతన బిల్లు (విజయవాడ)

ఆరోగ్య శాఖ కార్యాలయంలో సిబ్బంది విభాగంలో చాలాకాలం పనిచేశాను. బదిలీ చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు; ఎందుకు అంత సులభం కాదో చెబితే చర్చకు ఉపయోగపడుతుంది.

మొదటి అడ్డు విభాగాలది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రజారోగ్య సంచాలకుల కింద, సామాజిక, ఏరియా, జిల్లా ఆసుపత్రులు 1986 చట్టంతో ఏర్పడిన వైద్య విధాన పరిషత్తు వ్యవస్థలో, బోధనాసుపత్రులు వైద్య విద్యా సంచాలకుల కింద ఉంటూ వచ్చాయి. మూడింటికీ కేడర్లు, అంటే ఉద్యోగ వర్గాలు వేరు, సీనియారిటీ జాబితాలు వేరు. ఒకే పట్టణంలో పెద్దాసుపత్రిలో ఒక ల్యాబ్ టెక్నీషియన్ అదనంగా ఉండి, నాలుగు వీధుల అవతల పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఎవరూ లేకపోయినా, నియమం ప్రకారం ఇటు నుంచి అటు పంపలేరు. అందువల్లే డెప్యుటేషన్ అన్న దొడ్డిదారి పుట్టింది. మొదట అవసరం కోసం పుట్టింది, తరువాత సిఫారసులకు ఉపయోగపడింది.

రెండోది జోన్లది. జోన్ అంటే నియామకాలు, బదిలీలు దాని పరిధిలోనే జరిగే కొన్ని జిల్లాల సమూహం. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుతో ఏర్పడిన జోన్లలో కృష్ణా జిల్లా రెండో జోన్‌లో, గుంటూరు మూడో జోన్‌లో ఉంటూ వచ్చాయి. స్టాఫ్ నర్సుల వంటి జోనల్ కేడర్లకు విజయవాడ వారి ప్రాంతీయ సంచాలకుల కార్యాలయం రాజమహేంద్రవరంలో ఉంటే, గుంటూరు వారిది గుంటూరులోనే ఉంది. కృష్ణా నది మీది వారధి దాటితే ఉన్న ఊరు సర్వీసు రికార్డులో పరాయి జోన్. భార్య తాడేపల్లిలో, భర్త విజయవాడలో పనిచేసే జంటలకు ఇది ఎంత ఇబ్బందో మేము చూశాం.

మూడోది నిధులది. ఉపకేంద్రంలో ఏఎన్ఎమ్ జీతానికి కేంద్ర సహాయం వస్తుంది, పురుష కార్యకర్త జీతం రాష్ట్రం భరించాలి. దేశమంతటా పురుష కార్యకర్తల పోస్టులు ఏళ్ళ తరబడి నిండకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. దోమల లార్వా చూడడం, తాగునీటి క్లోరిన్ పరీక్ష, జ్వరాల సర్వే వంటివన్నీ వారి పనులు. ఆ పని చేసేవారు లేకపోతే అది కూడా ఏఎన్ఎమ్ మీదే పడుతుంది.

చివరిది ఇంటి అద్దె భత్యం. ఊరి స్థాయిని, జనాభాను బట్టి దీనిని నిర్ణయిస్తారు, అందువల్ల నగరంలో ఎక్కువ, పల్లెలో తక్కువ. నగరంలో అద్దె ఎక్కువ కనుక అది సబబే అనిపిస్తుంది. కానీ పిల్లల చదువు కోసం కుటుంబాన్ని విజయవాడలోనే ఉంచి ఒంటరిగా పల్లెకు వెళ్ళే ఉద్యోగికి నగరపు అద్దె తప్పదు, భత్యం మాత్రం పల్లెది వస్తుంది, ప్రయాణపు ఖర్చు అదనం. బదిలీ ఉత్తర్వుతో పాటు జీతపు కోత కూడా పంపుతున్నామన్న సంగతి విధానాలు రాసేవారు గమనించాలి.

పల్నాటి వైద్యుడు

వేతన బిల్లు గారూ, భత్యం సంగతి మీరు రాసినంత స్పష్టంగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను. ఛత్తీస్‌గఢ్‌లో ఆరోగ్య కేంద్రాలను చేరుకోవడంలోని కష్టాన్ని బట్టి వర్గాలుగా విడదీసి, వర్గాన్ని బట్టి అదనపు భత్యం ఇచ్చే గ్రామీణ వైద్య దళాన్ని నడిపారు. మన దగ్గర గిరిజన ప్రాంతం, మైదానం అన్న రెండు గీతలే తరచుగా చూస్తారు. ఎన్టీఆర్ జిల్లాలో ఎ.కొండూరు తండాలను తీసుకోండి. మూత్రపిండాల వ్యాధితో ఏళ్ళుగా బాధపడుతున్న ప్రాంతమది. విజయవాడకు దూరం కాదు, కొండ ప్రాంతమూ కాదు. అయినా అక్కడ నెలనెలా రక్త పరీక్షలు చూసి, మందులు మార్చి, డయాలసిస్‌కు ఎప్పుడు పంపాలో నిర్ణయించే పని ఒక మామూలు మైదాన కేంద్రపు పనికి ఎన్నో రెట్లు. వర్గీకరణలో దూరం ఒక్కటే కాకుండా జబ్బుల భారం కూడా ఉండాలి.

తాడిగడప

నగర అంచున ఉన్నవారి మాట కూడా వినండి. కానూరు, యనమలకుదురు, తాడిగడప, పోరంకి నిన్నటివరకు పంచాయతీలు, తరువాత మున్సిపాలిటీ అయ్యాయి. పట్టణ ప్రమాణం ప్రకారం 50,000 మందికి ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. ఎత్తైన అపార్ట్‌మెంట్లు చూసి అందరూ ప్రైవేటు ఆసుపత్రులకే వెళ్తారని అనుకుంటారు. ఆ భవనాల్లో కాపలా ఉండేవారు, ఇళ్ళలో పనిచేసేవారు, కట్టడపు కూలీలు ఎక్కడికి వెళ్తారని ఎవరూ అడగరు.

మూడో షిఫ్టు (విజయవాడ)

నా మొదటి రాతలో నగరపు పక్షమే ఎక్కువగా చెప్పాను. పైన చదివాక నా అభిప్రాయాన్ని ఇంకాస్త వివరంగా చెప్పాలనిపించింది. పల్లె నుంచి నగర ఆసుపత్రికి డెప్యుటేషన్ మీద వచ్చిన నర్సులతో నేను కలిసి పనిచేశాను. వారు కష్టపడనివారు కారు. మా వార్డుకు వారి అవసరం ఉంది. కానీ వారి సాయంతో మా ఆసుపత్రి కొరత కప్పబడిపోతుంది, మాకు కొత్త పోస్టులు మంజూరు కావు. వారు వదలి వచ్చిన కేంద్రంలో కాన్పులు ఆగిపోతాయి, ఆ కాన్పులు మా దగ్గరకే వస్తాయి, మాకు మళ్ళీ డెప్యుటేషన్లు అవసరమవుతాయి. ఇద్దరికీ నష్టమే. కనుక డెప్యుటేషన్లు రద్దు చేయాలంటే అదే ఉత్తర్వులో బోధనాసుపత్రులకు ప్రమాణం ప్రకారం పోస్టులు కూడా ఇవ్వాలి. ముందు రద్దు చేసి, పోస్టుల సంగతి తరువాత చూద్దామంటే ఒప్పుకోలేము.

నిపుణుల విషయంలోనూ ఇదే జరుగుతోంది. 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలకు కావలసిన నిపుణులలో దాదాపు 80 శాతం మంది లేరు. మత్తు వైద్యుడు లేని చోట ప్రసూతి వైద్యురాలిని వేసినా ఆమె సిజేరియన్ చేయలేదు, 108లో పంపడమే. సిబ్బందిని ఒక్కొక్కరుగా పంచకుండా, కలిసి పనిచేయగల జట్టుగా పంచాలి. ఒక సామాజిక కేంద్రంలో ప్రసూతి, పిల్లల, మత్తు వైద్యులను, రక్త నిల్వ సదుపాయాన్ని కలిపి ఇస్తే చుట్టుపక్కల నాలుగు మండలాల కాన్పులు అక్కడే జరుగుతాయి. ఆ ముగ్గురిని మూడు చోట్ల వేస్తే మూడు చోట్లా జరగవు.

సామాజిక వైద్యం (గుంటూరు)

జట్టుగా పంచాలన్న మాట నా విద్యార్థులకు చెప్పదగినది. దానితో పాటు ఇంకొక విభాగాన్ని మరవవద్దు. చికిత్స చేసేవారి కొరత వెంటనే కనబడుతుంది, క్యూలు పెరుగుతాయి. వ్యాధుల జాడ తీసేవారి కొరత మాత్రం మనుషులు పోయాకే కనబడుతుంది. 2018లో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది. 2025లో నగరానికి ఆనుకొని ఉన్న తురకపాలెంలో వరుస మరణాల తరువాత వైద్య బృందాలు ఇంటింటికీ వెళ్ళి రక్త నమూనాలు తీసుకున్నాయి, మట్టిలో, నీటిలో ఉండే బ్యాక్టీరియా వల్ల వచ్చే మెలియాయిడోసిస్ అన్న అనుమానం అందరి నోటా వినబడింది. 1946 నుంచి వైద్య కళాశాల ఉన్న నగరం ఇది. ఇక్కడ పడకలకు, ప్రొఫెసర్లకు కొదవ లేదు. ఒక ఊరిలో ఈ నెల మరణాలు మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయని మొదటి వారంలోనే గమనించి పై అధికారికి చెప్పే పని ఏ ఉద్యోగి రోజువారీ విధుల్లో ఎన్ని గంటలుగా ఉందో మనం అడగాలి. నాకు తెలిసినంతవరకు దానికి విడిగా గంటలు కేటాయించిన పట్టిక లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఇతర జిల్లాల నుంచి సిబ్బందిని రప్పించారు, చాలా మంచి సేవ చేశారు. ఆ వారాల్లో వారి సొంత కేంద్రాలను ఎవరు చూశారన్నది కూడా పంపిణీ ప్రశ్నే. విపత్తుకు సిద్ధంగా ఉండాలంటే మామూలు రోజుల లెక్కలోనే కొంత అదనం ఉండాలి.

కృష్ణలంక నివాసి

అందరికీ ధన్యవాదాలు. నిర్బంధం ఒక్కటే మార్గం కాదని అర్థమైంది. సామాన్యుడిగా నేను చేయగలిగింది ఏమిటో చెప్పండి. మా తిరువూరు వైపు కేంద్రాల్లో ఎవరు ఉన్నారో తెలుసుకోవడం ఎలా?

కొండవీటి గణకుడు (గుంటూరు)

కృష్ణలంక నివాసి గారూ, మంచి ప్రశ్న అడిగారు. పని లెక్కా, జట్టు పంపిణీ, భత్యాల సవరణ ప్రభుత్వం చేయవలసినవి. వాటికి సమయం పడుతుంది. మనుషుల పట్టిక మాత్రం మనం ఇప్పుడే అడగవచ్చు. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(బి) ప్రకారం అధికారులు, ఉద్యోగుల వివరాల పట్టికనూ, వారి నెలసరి వేతనాలనూ ఎవరూ అడగకుండానే ప్రతి ప్రభుత్వ కార్యాలయం ప్రకటించాలి. లేకపోతే దరఖాస్తు చేయండి. మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

దరఖాస్తును జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయపు ప్రజా సమాచార అధికారి పేర రాయండి. ఉద్యోగుల పేర్లు అడగనవసరం లేదు. ఎవరినీ వేలెత్తి చూపడం మన ఉద్దేశం కాదు. ఇలా అడగండి: "మండలంలోని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, దాని పరిధిలోని ప్రతి ఉపకేంద్రంలో గత నెల 15వ తేదీ నాటికి హోదాల వారీగా మంజూరైన పోస్టులు ఎన్ని, వాటిపై వేతనం పొందుతున్నవారు ఎందరు, అదే తేదీన ఆ కేంద్రంలో వాస్తవంగా విధులు నిర్వహించినవారు ఎందరు, వేతనం ఇక్కడ పొందుతూ మరొక చోట పనిచేస్తున్నవారి విషయంలో ఆ చోటు ఏది, ఏ తేదీ నుంచి, ఏ ఉత్తర్వు ప్రకారం."

వేతన బిల్లు (విజయవాడ)

గణకుడు గారి దరఖాస్తుకు రెండు చేర్పులు చేయండి. ఒకటి, పూర్తి అదనపు బాధ్యతల మీద నడుస్తున్న కేంద్రాల సంఖ్య, ఆ ఏర్పాటు ఎప్పటినుంచి ఉందో అడగాలి. లేకపోతే ఒకే వైద్యుడు రెండు కేంద్రాల్లోనూ పనిచేసినట్టు జవాబు వస్తుంది. రెండు, రెగ్యులర్, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వారిని వేర్వేరు వరుసల్లో చూపమని కోరాలి, ఎందుకంటే ఆ మూడు రకాల బిల్లులూ వేర్వేరు ఫైళ్ళలో ఉంటాయి. కలిపి అడిగితే ఒక ఫైలు చూసి రాసి పంపుతారు. నందిగామ, జగ్గయ్యపేట, మైలవరం మండలాలకు నేను ఈ వారంలోనే వేస్తున్నాను. తిరువూరు, ఎ.కొండూరు మండలాలకు మీరు వేయగలిగితే రెండింటి జవాబులనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

దివిసీమ ఆడపడుచు

ఉద్యోగంలో ఉన్నదాన్ని కనుక నా పేరుతో దరఖాస్తు వేయడానికి వెనకాడుతున్నాను. నాగాయలంక, కోడూరు మండలాలకు మా ఊరివారు ఎవరైనా వేస్తే, ఏ ఉపకేంద్రానికి ఏయే ఊళ్ళు, దీవులు వస్తాయో ఆ జాబితా రాసి ఇస్తాను.